లేవని విస్తరి

ఆదివారం మొదటి ఆరాధన ముగియగానే రెజీనా చర్చి నుంచి నేరుగా పాకకు వచ్చి పొయ్యి ముట్టిస్తుంది. గోదావరిఖని దాటి మంథని వెళ్లే దారిలో, ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట పక్కన ఉంటుంది ఆ పాక. అక్కడ దొరికేవి జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, పచ్చిపులుసు, ఎండాకాలమైతే తునికిపండ్లు. నీళ్లు రంజన్ మట్టికుండలోవే. ప్లాస్టిక్ సీసా అడిగినవాళ్లు ఆమె చూపు చూసి మళ్లీ అడగరు. మోదుగాకు విస్తర్లు మామ యిర్మియా కుడతాడు. తిన్నవాళ్ల కడుపు నిండగానే ఆ విస్తర్లు లేచి, గాలిలో తేలుకుంటూ గుట్ట మీది మోదుగ చెట్లకు వెళ్లిపోతాయి. అందుకే పాక వెనక ఎంగిలాకుల కుప్ప ఉండదు.

యిర్మియా గనిలో లాంప్‌రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. దిగేవాళ్లకు దీపాలివ్వడం, పైకొచ్చాక తీసుకోవడం ఆయన పని. ఒక్క దీపం తిరిగి రాకపోయినా మనిషి లోపలే ఉన్నట్టు లెక్క, అది వచ్చేదాకా ఆయన డ్యూటీ దిగేవాడు కాదు. ఇప్పుడదే పట్టుదల విస్తర్ల మీద చూపిస్తున్నాడు. ఆఖరి ఆకు లేచేదాకా పొయ్యి ఆర్పనివ్వడు. ఇదంతా చాదస్తమనుకున్నా కోడలు పైకి అనేది కాదు.

ఆమెకున్న దిగులు వేరు. గనిలోనే పనిచేసే భర్త రాజ్‌కుమార్‌కు గోలేటి గనికి బదిలీ అయింది. క్వార్టర్ కూడా దొరికింది.

"నలుగురు లారీలోళ్లు తింటే పాక నడుస్తదా? మూసెయ్యి, అందరం పోదాం," అన్నాడు రాజ్‌కుమార్.

"ఒక్క నెల ఆగు. అమరనాథ్ సార్ బస్సు ఈడ ఆగితే నేను, మామ ఈడనే ఉంటం. ఆగకపోతే పెనం నెత్తిన పెట్టుకొని నేనే వస్త," అంది రెజీనా.

మంథని అమరనాథ్ వారంవారం బయటి ఊళ్లవాళ్లను తీసుకొచ్చి రామగిరి ఖిల్లా, గోదావరి, మంథని గుళ్లు చూపిస్తాడు. బస్సు మీద 'పచ్చని ప్రయాణం' అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. భోజనం మాత్రం హైవే మీది దాబాలో, థర్మాకోల్ పళ్లెంలో. రెజీనా ప్రతి వారం ఆ బస్సుకు అడ్డం నిలబడి, అతన్ని విసిగించి విసిగించి, చివరికి ఒక్క పూటకు ఒప్పించింది.

వచ్చినవాళ్లు చాపల మీద కూర్చుని తృప్తిగా తిన్నారు. ఒక్కో విస్తరీ లేస్తుంటే పిల్లలు, వాళ్ల వెనక పెద్దలు, అది పోయిన దారినే గుట్టెక్కారు. పైన మోదుగ నీడ. ఒక పక్క నల్లటి గని, ఇంకో పక్క ఎండలో మెరిసే గోదావరి. ఇంత అందమైన చోటు ఇక్కడుందని మాకెవరూ చెప్పలేదేమని ఒకావిడ అమరనాథ్‌నే నిలదీసింది. కింద రెజీనాకు ప్రాణం లేచొచ్చింది.

అమరనాథ్ మాత్రం రొట్టెలో ఓ తునక నోట్లో వేసుకుని, ఫోను చూసుకుంటూ లేచాడు. అమ్మ కట్టిచ్చిన దద్దోజనం అతని సంచిలో ఉంది.

"ఫొటోలకు బాగున్నదక్కా. మందికి కుర్చీలు, బల్లలు కావాలె. వచ్చే వారం నుంచి మళ్ల దాబానే."

"కడుపునిండ తిని చెప్పున్రి సార్."

"నిండింది."

అతని విస్తరి లేవలేదు. బస్సు కదిలేటప్పుడు మాత్రం నేల మీద జారుకుంటూ వెళ్లి, మెట్లెక్కి, అతని ఒళ్లో పడుకుంది. డ్రైవరు దాన్ని తీసి పక్క సీట్లో పెట్టాడు.

మంథనిలో అది అతని వెంటే ఇంటికొచ్చి, అమరనాథ్ కంచం పక్కనే ఉండేది. తల్లి విశాలాక్షమ్మ ముద్దపప్పు, నెయ్యి, అతనికిష్టమైన పులిహోర, అన్నీ వడ్డించి చూసింది. ఎంత తిన్నా అతనికి ఆకలి తీరలేదు, ఆకు కదల్లేదు.

"ఎవరో పెడితే తినకుంట లేచినవ్ గదరా," అంది ఒకరోజు.

"వాళ్లింట్ల మనం తింటమా అమ్మా?"

"మందిని కూసోబెట్టి తినిపించినవ్. నీ నోటికి పనికిరానిది మందికెట్ల పెట్టించినవ్? పోయి తిని రా."

ఇక్కడ నెల తిరిగింది. ఇచ్చిన మాట ప్రకారం రెజీనా గిన్నెలు సర్దింది. రాజ్‌కుమార్ ట్రాలీ ఆటో తెచ్చాడు. యిర్మియా మాత్రం పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"ఒక మనిషి ఇంక లోపలనే ఉన్నడు. నేను డ్యూటీ దిగ."

"ఆయన మంథనిల సుఖంగున్నడు బాపూ," అన్నాడు కొడుకు.

"ఆకు రాలే."

రెజీనా మామ ముఖం చూసింది. ఎన్నాళ్ల నుంచో చాదస్తం అనుకున్నది ఆమెకు ఆ పూట చాదస్తంలా అనిపించలేదు. తన గడప దగ్గర ఒక మనిషి ఆకలితో లేచిపోయాడు. ట్రాలీ ఎక్కించిన పెనం దించింది.

"ఆయన తిన్నంకనే కదులుత," అంది. ట్రాలీ ఖాళీగా వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆమె పూటపూటకూ ఒక రొట్టె ఎక్కువ కాల్చింది. మిగిలినది ఏ రోజుకారోజు ఎవరో లారీ డ్రైవరు తినేవాడు.

ఆదివారం మధ్యాహ్నం అమరనాథ్ విస్తరి చేత్తో పట్టుకుని ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. చాప మీద కూర్చుని ఆకు పరుచుకున్నాడు. రెజీనా వడ్డించింది. పచ్చిపులుసు రెండోసారి తనే అడిగి పోయించుకున్నాడు. చివరి ముద్ద మింగి నిట్టూర్చగానే విస్తరి అంచులు వణికాయి, మెల్లగా లేచి గుట్ట వైపు వెళ్లింది. యిర్మియా అది చెట్టు చేరేదాకా చూసి, భుజం మీది తువ్వాల దులుపుకున్నాడు.

"అందరు పైకొచ్చిన్రు. ఇగ ఆర్పొచ్చు బిడ్డా."

ఆయన తిన్నాక కదులుతానన్న మాట మాటే. రెజీనా బస్సు సంగతి అడగలేదు. కళ్లనిండా నీళ్లతోనే చెంబు అందుకుని పొయ్యి మీదకు వంగింది.

"ఆర్పకక్కా," అన్నాడు అమరనాథ్. "బస్సు మలుపుల పెట్టి వచ్చిన. ముందు నేను తినాలె గద. మందంత ఆకలి మీదున్నరు. మా అమ్మ గూడ వచ్చింది, చాప మీద కూసునుడు చాతగాదు, ఒక పీట చూడున్రి."

రెజీనాకు ఏడుపు తన్నుకొచ్చింది గానీ ఏడవడానికి తీరికెక్కడిది? పీట కోసం మామను లోపలికి, పిండి కోసం, ఆదివారమని గోలేటి నుంచి వచ్చిన మొగుణ్ణి గోదావరిఖనికి తరిమి, పొయ్యిలో ఇంకో కట్టె తోసింది.