వచ్చి ఉండేవాడు

ఆ సాయంత్రం కూడా ఇఫిగ్ గేటు దాకా వచ్చి ఆగిపోయాడు.

బార్బా పొయ్యి ముందు కూర్చుని, ఒళ్ళో పాత బడి వ్యాకరణం తెరిచి పెట్టుకుని, పెదవులు మాత్రం కదుపుతూ వాక్యాలు కడుతోంది. తుఫాను రాకపోయి ఉంటే వాడు మంగళవారం పడవలో దిగి ఉండేవాడు. దిగి ఉంటే గోడల సందు వెంట నడిచి వచ్చి ఉండేవాడు. వచ్చి ఉంటే గేటు తోసి ఉండేవాడు. ఆ మాట దగ్గరకు వచ్చేసరికి ఎప్పుడూ గాలి కాస్త తగ్గుతుంది. తారుపట్టిన కోటు వాసన గదిలోకి వస్తుంది. గేటు గొళ్ళెం కదిలినట్టు ఒక్క చప్పుడు. తరువాత ఏమీ ఉండదు. బార్బా తల ఎత్తదు. ఎత్తి చూస్తే వెళ్ళిపోతాడేమోనని భయం. బల్ల మీద మూడు గిన్నెల్లో మూడోది అలాగే బోర్లించి ఉంటుంది.

ఫ్రెంచి తీరానికి దూరంగా ఉన్న ఆ దీవిలో మనిషికీ మనిషికీ మధ్య నడిచేది బ్రెటన్ భాష. ఫ్రెంచి బడిదీ, పత్రికలదీ, ఓడల కంపెనీలదీ. మగవాళ్ళు సముద్రం మీదికి పోతే పొలం ఆడవాళ్ళే తవ్వాలి కాబట్టి బార్బా బడి చిన్నప్పుడే ఆగిపోయింది. ప్రార్థన పుస్తకం పట్టుకుని తనంతట తనే చదవడం నేర్చుకుంది. కొడుకు ఇఫిగ్ ఎక్కిన సరుకుల ఓడ కబురు పత్రికలో వచ్చిన రోజున ఆ వార్తను వేలుతో ఒక్కొక్క మాటా తడుముతూ చదివింది. ఓడ మునిగింది అని అందులో లేదు. 'ఓరె సోంబ్రే' అని ఉంది, మాటకు మాట చెబితే 'మునిగి ఉండేది' అని. ఆ రెండు మాటల కోసమే బడివాళ్ళు పారేయబోతున్న వ్యాకరణాన్ని అడిగి తెచ్చుకుంది.

పుస్తకం ఓపిగ్గా చెప్పింది. ముందు తోడుక్రియను 'ఉండేది' అన్న రూపంలో నిలబెట్టాలి, దాని పక్కన అసలు క్రియను అయిపోయిన పనిగా పెట్టాలి. జరగవలసి ఉండి జరగని పనికి ఈ రూపం. చాలా క్రియలకు తోడు 'అవ్వార్', అంటే కలిగి ఉండటం. వెళ్ళడం, రావడం, పుట్టడం, చావడం, ఉండిపోవడం, ఇలాంటి కొన్నింటికి మాత్రం తోడు 'ఎత్ర్', అంటే ఉండటం. పుట అంచున చిన్న అక్షరాలలో మరొక ముక్క ఉంది: తాము కళ్ళతో చూడని, పూచీ పడని కబురు చెప్పేటప్పుడు కూడా పత్రికలు ఈ రూపమే వాడతాయి.

అంతే. ఓడ మునిగిందట. ఎవరూ పూచీ పడలేదు. బార్బాకు అది చాలింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె అన్న ఫాంష్ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. బాప్తిస్మం నాడు ఇఫిగ్‌ను ఎత్తుకున్న జ్ఞానతండ్రి అతనే. గేటు బయటే నిలబడ్డాడు.

"లోపలికి రావా అన్నయ్యా? మట్టిగడ్డలు రాజేసి వాటి కింద మాంసం ఉడకపెట్టాను, పొగ బాగా పట్టింది."

"రాను. కిందటిసారి నీ కిటికీ తట్టబోతే చీపురు తిరగేసి వీపు మీద ఇచ్చావు. తుమ్మినప్పుడల్లా ఇప్పటికీ అక్కడే పట్టేస్తుంది."

"మళ్ళీ తట్టడానికి వచ్చావా?"

"తట్టను గాక తట్టను. కబురు చెప్పిపోదామని వచ్చాను. ఆదివారం శ్మశానంలో చిన్న సమాధి తెరుస్తారుట. గుడి పెట్టెలో ఉన్న మైనపు శిలువలన్నీ అందులోకి దించుతారు. ఫాదర్‌గారు నన్ను అడిగారు, మీ ఇంటి పిల్లాడిది ఏదీ అని. ఏం చెప్పను? వాడి తల్లి వాడికి వ్యాకరణం నేర్పుతోందని చెప్పనా?"

సముద్రం శవాన్ని ఇవ్వకపోతే ఆ దీవిలో కొవ్వొత్తి మైనంతో వేలెడంత శిలువ చేస్తారు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద దాన్ని పెట్టి, శవం ముందు ఏడ్చినట్టే తెల్లవార్లూ ఏడుస్తారు. పొద్దున్నే గుడికి మోసుకుపోతారు. దాన్నే ప్రొయెల్లా అంటారు. పోయినవాడి జ్ఞానతండ్రి చీకటివేళ వచ్చి ఆ ఇంటి కిటికీ తట్టి కబురు చెప్పాకే అది మొదలవుతుంది. అది జరగనివాడికి నేలా లేదు, నీరూ లేదు. గాలివానలో గోడల వెంట తిరుగుతూ తన శిలువ ఏదని అడుగుతాడంటారు. మళ్ళీ ఆ సమాధి ఎప్పుడు తెరుస్తారో, అప్పటికి ఎవరు ఉంటారో.

"వాడు పోయాడని ఎవరు చూశారు?" అంది బార్బా.

"ఎవరూ చూడలేదు. వాడి పెళ్ళాన్ని చూడు. విధవలా నల్లబట్ట కట్టుకోవడానికి లేదు, రంగుబట్ట కట్టుకోవడానికి లేదు. బూడిదరంగు తొడుక్కుని గొర్రెల్లో కలిసిపోయింది పాపం." ఫాంష్ కర్ర తిప్పుకున్నాడు. "నేను మాత్రం నీ కిటికీ దగ్గరకు రాను. ఎవరో ఒకరు తట్టందే ప్రొయెల్లా లేదు. కావలిస్తే నువ్వే తట్టుకో!"

స్వాజ్ బంగాళాదుంపల తట్టతో పొలం నుంచి వచ్చేసరికి అతను వెళ్ళిపోతున్నాడు. అత్త మొహం చూసి కోడలికి సంగతి అర్థమైంది. చేతులు కడుక్కుని, కత్తి తీసుకుని, దుంపల చెక్కు తీయడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, ఎప్పుడైనా లోపలికి వచ్చారా?"

"ఎవరు?"

"రోజూ మీరు గేటు దగ్గర నిలబెడుతున్న ఆయన."

బార్బా దగ్గరికి జరిగింది. "నీకూ వినపడుతుందా?"

"గొళ్ళెం వినపడుతుంది. గాలి అనుకుంటాను. అనుకోవాలి కదా, లేకపోతే నిద్ర ఎలా పడుతుంది?" స్వాజ్ కత్తి కింద పెట్టింది. "ఆదివారం లోపల చేయించండి అత్తయ్యా. నా కోసం కాదు. బయట చలిలో ఇన్నాళ్ళ నుంచి నిలబడి ఉన్నారు."

"నువ్వు వాణ్ణి మరిచిపోదామనుకుంటున్నావు."

"మీరు అలా అంటారని తెలుసు," అని స్వాజ్ దుంపలు గిన్నెలో వేసి, నీళ్ళు పోసింది. నీళ్ళు కొంచెం ఎక్కువే పోసింది.

ఆ సాయంత్రం బార్బా మంకుపట్టుతో పుస్తకం తెరిచింది. కొడుకు గేటు దగ్గర ఆగిపోవడానికి వాక్యంలోనే ఏదో లోపం ఉందని అనిపించింది. ఈసారి ప్రయాణమే లేకుండా కడదామనుకుంది. ఓడ ఎక్కకపోయి ఉంటే ఇక్కడే ఉండిపోయి ఉండేవాడు. 'ఇల్ సెరె రెస్తే.' తోడుక్రియ సరిపోయింది, అక్షరం పొల్లుపోలేదు. అని, చాలా ఏళ్ళ తరువాత ధైర్యం చేసి తల ఎత్తి బల్ల వైపు చూసింది.

ఎవరూ లేరు. మునిగిన ఓడల చెక్కతో చేసిన ఆ నీలం బల్ల, బోర్లించిన గిన్నె. గేటు కదలలేదు. తారు వాసన రాలేదు. ఎక్కడికీ వెళ్ళనివాడు తిరిగి రావడానికి లేదు, ఆ గదిలో ఉండటానికీ లేదు. అంత ఖాళీ ఆమె ఎప్పుడూ వినలేదు. భయంతో వెనక్కి పరిగెత్తినట్టు పాత వాక్యానికే వెళ్ళింది: ఓడ ఎక్కాడు. తుఫాను రాకపోయి ఉంటే...

వెంటనే వాడు కనపడ్డాడు. గేటు దగ్గర కాదు, రేవులో. భుజాన సంచి, మెడకు ఆమె అల్లిన మఫ్లర్. పడవ పలక మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఆ చూపులో విసుగు లేదు, అలసట ఉంది. రోజూ అదే పలక ఎక్కేవాడి అలసట.

బార్బా నోరు మూసుకుంది. వాడు ఆమె వాక్యంలో ఇంటికి రావాలంటే ముందు ఇల్లు విడిచి పోవాలి. ఇన్నేళ్ళుగా ప్రతి సాయంత్రం పొయ్యి పక్కన కూర్చుని కొడుకును తన చేతులతోనే ఓడ ఎక్కించింది. ఒక్క ఎడబాటుకే చచ్చిపోతాననుకున్న మనిషి!

పుస్తకం మూసి అలమరలో పెట్టింది. శాలువా కప్పుకుంది.

"ఎక్కడికి అత్తయ్యా, ఈ గాలిలో?" అని లోపలి నుంచి స్వాజ్ కేక వేసింది.

"గొర్రెలను చూసి వస్తాను."

బయట ఇంకా కొంచెం వెలుతురు ఉంది. దీపస్తంభం అప్పుడే వెలిగి, దాని కాంతి గడ్డి మీదుగా ఒకసారి తిరిగి పోయింది. బార్బా ఇంటిని చుట్టి కిటికీ దగ్గరకు వచ్చింది. అద్దం అవతల స్వాజ్ దీపం వత్తి సవరిస్తోంది. జ్ఞానతండ్రి ఎలా తడతాడో బార్బా చిన్నప్పుడు విని ఉంది, తండ్రి సముద్రంలో పోయినప్పుడు వాళ్ళ అమ్మ కోసం తట్టగా. వేలి కణుపుతో అలాగే తట్టింది.

స్వాజ్ తల ఎత్తింది. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం ఆమె మొహం పెళ్ళినాటి మొహమైంది. పెదవులు ఇఫిగ్ పేరు పలకడానికి విచ్చుకున్నాయి. చేయి జుట్టు సవరించుకోవడానికి పైకి లేచింది. తరువాత అద్దం అవతల ఉన్నది ఎవరో కనపడింది.

మరిచిపోదామనుకుంటున్నావు అని ఈ పిల్లనే అంది తను.

"ఈ రాత్రి," అంది బార్బా. మళ్ళీ మొదలుపెట్టింది. "ఈ రాత్రి మీ ఇంట్లో ప్రొయెల్లా, తల్లీ."

ఆమె లోపలికి వచ్చేసరికి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. స్వాజ్ తన పెళ్ళి టోపీ మడతల్లోంచి చిన్న మైనపు శిలువ తీసి దాని మీద పెట్టింది. అది కొత్తది కాదు. పసుపుపచ్చబడింది, ఒక చేయి కాస్త వంకరగా ఉంది.

"ఎప్పుడు చేశావే?"

"కబురు వచ్చిన వారంలోనే. ఎండాకాలంలో వంగిపోయేది. తీసి సరిచేసి మళ్ళీ పెట్టేదాన్ని." స్వాజ్ ఆ వంకర చేతిని వేలితో నిమిరింది. "బయటికి తీయడానికి మీరు ఒప్పుకోరని కాదు అత్తయ్యా. నాకూ చేతులు రాలేదు."

పొద్దున కబురు అందుకుని ఫాంష్ శుభ్రంగా గడ్డం గీసుకుని వచ్చాడు, ఎగతాళి మాటలేవీ తేలేదు. శిలువను గుడ్డతో సహా రెండు చేతులా ఎత్తుకున్నాడు. దారి పొడుగునా గాలి. ఏ బరువూ లేని ఆ ముక్కను ఎక్కడ ఎగరేసుకుపోతుందోనని బార్బా పక్కనే నడుస్తూ అరచేయి దాని మీద గొడుగులా పట్టింది. గుడి దాకా తీయలేదు.

తిరిగి వచ్చి గేటు దాటుతూ అలవాటుగా ఆగి విన్నది. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంతో ఇకమీద బతకాలి.

వెనక స్వాజ్ నిలబడి ఉంది, నల్లబట్టల్లో. "గేటు వేసేయనా అత్తయ్యా?"

బార్బా వెనక్కి తిరిగి ఖాళీ సందును చివరిదాకా చూసింది.

"వెయ్యి," అంది. "మన ఇఫిగ్ పడుకున్నాడు."