కొడుకు బదులు మైకు ముందు

సైకిల్ షాపు పైనున్న ఆ రెండు గదుల్లో, తాగుడూ మత్తుమందులూ మానాలనుకునేవాళ్లు రోజూ సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటారు. అద్దె కట్టేది ఒక ట్రస్టు. ఈ ఏడు దాతలను హాల్లో కూర్చోబెట్టి, బాగుపడ్డ మనిషి చేత నాలుగు మాటలు చెప్పిస్తేగానీ చందాలు రాలవని ట్రస్టు మేడమ్ తేల్చేసింది. గదులు నడిపే సారు, అక్కడికి రోజూ వచ్చే ఫ్రిజ్ మెకానిక్‌ని చూపించాడు.

సంగతి తెలియగానే మెకానిక్ తల్లికి గుండెల్లో రాయి పడింది. పోయినసారి ఇలాగే మైకు ముందు చప్పట్లు కొట్టించుకున్న పొడుగాయన, వారం తిరక్కుండా బస్టాండులో ఒళ్లు తెలియకుండా పడి దొరికాడు. గెలిచేశాననుకున్న రోజే తన కొడుకూ జారిపోతాడేమో. ఆవిడ సగం కుట్టిన చొక్కాను మిషను మీదే వదిలేసి, పరుగున సారు దగ్గరికి పోయి వాణ్ణి వదిలేయమంది. చందా రాకపోతే అసలు గదులే ఉండవని సారు తల పట్టుకున్నాడు. గదులు లేకపోతే సాయంత్రాలు వాడెక్కడికి పోతాడో ఆవిడకు వేరే చెప్పాలా?

"అయితే వాడి బదులు నేను మాట్లాడతాను," అంది.

"డాక్టరు నీ పేరడిగితేనే నోరు పెగలదు కదమ్మా," అని నవ్వాడు కొడుకు. నవ్వినా, గండం తప్పినందుకు వాడి మొహం తేటపడింది.

హాల్లో కొడుకుని తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ మైకు ముందుకెళ్లింది. మావాడు బాగున్నాడని చెప్పి దిగిపోదామనుకుంది. ఇంతలో ముందు వరసలోని పెద్దాయన, మీవాడికి పూర్తిగా నయమైనట్టేనా అని అడిగాడు. అబద్ధం గొంతు దాటలేదు.

"నాకు తెలీదు బాబూ. వాడు నిద్రపోయాక చొక్కా వాసన చూస్తాను, జేబులు వెతుకుతాను. వాడు నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. వాడు ఆ గదిలో ఉన్న కాసేపే నేను ఊపిరి పీల్చుకునేది. దాన్ని మూసేయకండి."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ ఏడాదికి గదుల అద్దెకు దిగుల్లేదని మేడమ్ వచ్చి ఆవిడ చెయ్యి నొక్కింది. ఆవిడ చూపు మాత్రం, తలుపు పక్కన కొడుకు లేచిపోయిన కుర్చీ మీదే ఉంది.

వాడు బయట గోడకానుకుని ఉన్నాడు.

"జేబులు కూడా వెతుకుతావా?"

ఆవిడ తల దించుకుంది.

"నువ్వు నావైపు చూస్తూ చెప్పేసరికి అందరూ వెనక్కి తిరిగి నా మొహం చూశారు. అందులో సగం మంది ఇళ్లల్లో ఫ్రిజ్‌లు బాగుచేసేది నేనే. ఇక పిలుస్తారా నన్ను? ఆ గదికి మాత్రం ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

నీ కోసమేరా అనబోయి మింగేసింది. గదులు నిలిచాయి, వెళ్లాల్సినవాడే వెళ్లనంటున్నాడు.

"నా వెనక రాకు," అని వాడు నడిచాడు. మలుపు తిరిగితే ఎడమకు సైకిల్ షాపు, కుడికి బ్రాందీ షాపు. ఆవిడ కాళ్లు వాటంతటవే కదిలాయి. మలుపు దాకా వెళ్లి తొంగిచూస్తే తెలిసిపోతుంది. మలుపుకు రెండడుగుల ముందే గోడ పట్టుకుని ఆగిపోయింది. లోపల్నుంచి ఎవరో ఫొటోకు రమ్మని పిలుస్తూనే ఉన్నారు.