ఎనిమిది లక్షలు పలికిన రోజు

నా భార్య కదిరమ్మతో పద్నాలుగు నెలలు మాట్లాడలేదు నేను. ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె వండింది తిన్నాను, ఆమె ఉతికింది కట్టుకున్నాను. దాహమైతే గోడవైపు చూసి "నీళ్ళు" అనేవాణ్ణి. చెంబు వచ్చేది. దీనికంతటికీ కారణం ఒక కారు.

కళ్యాణదుర్గంలో గురుమూర్తి శెట్టి నూనె మిల్లులో ఇరవై ఆరేళ్ళు డ్రైవరుగా చేశాను. బళ్ళారి వైపు గనుల్లో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇటలీ ఇంజనీరు ఒకడు, తన దేశానికి వెళ్ళిపోతూ కారును శెట్టికి అమ్మాడు. ఆల్ఫా రోమియో. అరవై ఏడులో తయారైంది. రెండే తలుపులు. మన రోడ్ల మీద ప్రతి గుంతలోనూ దాని పొట్ట నేలకు రాసుకునేది. శెట్టి నెల రోజులు సరదా పడి, తర్వాత షెడ్డులో పెట్టించాడు. అప్పుడప్పుడు స్టార్టు చేసి పెట్టడం నా పని. వానలు ఎగ్గొట్టి, వేరుశనక్కాయలు రాక, తొంభై ఎనిమిదిలో మిల్లు మూసేశాడు.

"ఇన్నేండ్లు నువ్వే చూసుకున్నావు. నువ్వే తోలుకుపో సుంకప్పా. నాకు అడ్డం," అని కాగితాలు నా పేరున రాయించాడు.

మా పల్లెలో మేకల కొట్టం ఖాళీ చేసి కారు అందులో పెట్టాను. కదిరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"మేకలన్నా పాలిస్తాండె. ఇదేమిస్తాదయ్యా?"

మూడేళ్ళు అది ఏమీ ఇవ్వలేదు. రెండు వేల ఒకటిలో, మిల్లు నుంచి రావలసిన డబ్బు కోసం అర్జీ ఒకటి టైపు చేయించడానికి అనంతపురం పోయాను. టవర్ క్లాక్ దగ్గర సుష్మిత అనే అమ్మాయి నెట్ సెంటర్ నడుపుతుంది. కోమట్ల పిల్ల, మాట మంచిది. పని అయ్యాక ఊరికే అడిగాను, ఇట్లాంటి పాత కార్లు ఎవరైనా కొంటారా అని. ఆమె కారు పేరు కొట్టింది. తెర మీదికి మా కారు వచ్చింది. మాది కాదు, దాని తోబుట్టువు.

"లండన్‌లో వేలం వేసినారన్నా. మన రూపాయల్లో నాలుగు లక్షలు."

రెండోసారి లెక్క వేయించాను. నాలుగే.

అప్పటి నుంచి రెండు వారాలకొకసారి, శనివారం, బస్సెక్కి పోయేవాణ్ణి. ఇంగ్లీషు రాదు. ఆ కారు పేరు చూస్తే గుర్తుపడతాను, అంకెలు చదవగలను. అంతకంటే అక్కర్లేదు. ఎక్కడ వేలం జరిగింది, ఎంత పలికింది, పోయినసారి కంటే ఎక్కువా తక్కువా. వేరుశనక్కాయల ధర చూసి చూసి నాకు ఆ కన్ను ఉంది. సుష్మిత బొమ్మతో సహా అచ్చు తీసి ఇచ్చేది. ఇంటికి తెస్తే కదిరమ్మ గంజి కాచి కొట్టం గోడకు అంటించేది. ఆమెకు చదువు లేదు. కానీ అంటించిన ప్రతి కాగితం ఆమెకు గుర్తు.

"ఈ ఎర్రది యాడ అమ్మినారు?"

"మిలాన్ అంట."

"ఎంతకు పోయింది?"

"నాలుగున్నర."

"మొన్న ఆకుపచ్చది మూడున్నరే కదా. దానికి ముందు తెల్లది మూడూ ముప్పావు. చూడయ్యా, ఎప్పుడైనా ఎర్రదే ఎక్కువ."

గోడంతా చూశాను. ఆమె చెప్పింది నిజం.

"నీకే బాగా తెలుస్తాందే. శెట్టి నన్ను గాదు, నిన్ను పెట్టుకోవల్సింది," అన్నాను.

కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మాకు పిల్లలు లేరు. ఆ కాగితాలు వచ్చిన సాయంత్రాలు ఇద్దరం కొట్టంలో కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. అమ్మితే ఏం చేద్దాం అనేది పెద్దగా మాట్లాడింది లేదు. ధర గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఇంకో వారం ఆగుదాం అనేవాణ్ణి నేను ప్రతిసారీ. శెట్టి దగ్గర నేర్చుకున్న మాట అదొక్కటే.

రెండు వేల ఆరు మార్చిలో బెంగుళూరు నుంచి హేమంత్ అనే ఆయన ఫోన్ చేశాడు. పాత కార్లు కొని దాచుకునే మనిషి. పెద్దవాళ్ళది హిందూపురం, అందుకని మన మాటే మాట్లాడతాడు. మా కారు ఫోటోలు నేనిస్తే సుష్మిత నెట్‌లో పెట్టింది, అవి చూశాడట.

"ఎనిమిది లక్షలిస్తానన్నా. ఒకటే మాట. దాన్ని ముట్టొద్దు. దుమ్ము గూడా తుడవద్దు. ఫ్యాక్టరీలో వేసిన రంగు అట్లే ఉండల్ల."

ఎందుకో నాకు తెలుసు. మొదటి రంగుతో ఉన్న కారుకు ఒక ధర, మళ్ళీ రంగు వేసినదానికి ఒక ధర. రెండింటి మధ్య తేడా లక్షల్లో ఉంటుందని అప్పటికే చూసి ఉన్నాను. మాది వెలిసిపోయిన బూడిద రంగు. ఆ వెలిసిపోవడమే దాని విలువ.

ఇది కదిరమ్మకు చెప్పలేదు. "ఆదివారం కొనేటోళ్ళు వస్తాండారు" అన్నాను, అంతే. శుక్రవారం కారు కాగితాల పని మీద అనంతపురం పోయి రెండు రోజులు అక్కడే ఉన్నాను.

ఆదివారం పొద్దున వచ్చేసరికి కారు వీధిలో ఉంది. ఎర్రగా. ట్రాక్టర్ ట్రాలీలకు రంగులేసే బయ్యన్న చేతులు తుడుచుకుంటున్నాడు. టైర్లకు ఆముదం పూసి నిగనిగలాడించారు. ముందు బంతిపూల దండ, బానెట్ మీద పసుపు, కుంకుమ. కదిరమ్మ తలకు పోసుకుని పక్కన నిలబడి ఉంది. ఆమె తండ్రి ఎద్దుల బేరగాడు.

"చూడు ఎట్లుండాదో! మా నాయన కొమ్ములకు రంగు పుయ్యకుండా యా ఎద్దునూ సంతకు తోలలేదు. రెండు దినాలూ బయ్యన్నను కూర్చోనీలే నేను. కోళ్ళమ్మిన దుడ్లు ఇచ్చినా. నీ దుడ్లు ముట్టలే."

నా నోట మాట రాకముందే హేమంత్ వచ్చాడు. దిగి, ఒకసారి చుట్టూ తిరిగాడు. గోటితో రంగు గీకి చూశాడు. నా ముఖం చూడలేదు.

"ఐదు. ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదు."

ఇవ్వనన్నాను. వెళ్ళిపోయాడు.

అప్పుడు తిట్టాను. బయ్యన్న ముందు, పక్కింటి ఆడవాళ్ళ ముందు. "బుద్ధి లేనిదానా, మూడు లక్షలు మట్టిలో కలిపితివి గదే. నిన్నెవరు అడిగినారే?"

"ఎర్రదానికే ఎక్కువ పలుకుతాదని మనం చూస్తిమి గదయ్యా..."

"నోరు ముయ్యి. మళ్ళా ఎనిమిది లక్షలు పలికిన దినం నీతో మాట్లాడతా. అంతవరకు నీకూ నాకూ మాటల్లేవు."

ఆమె నోరు మూసింది. దండ తీసి, కుంకుమ తుడిచి లోపలికి పోయింది.

మరునాడు బయ్యన్న వచ్చాడు. "ఏమప్పా, రంగు కొట్టింది నేను. తిడితే నన్ను తిట్టు. ఆయమ్మనంటావేంది?"

"నువ్వు కూలికి చేసినావు. పో," అన్నాను.

ధరలు చూడటం మానలేదు. కాగితాలు నేనే అంటించాను. కదిరమ్మ కొట్టం వైపు రావడం మానేసింది. అప్పుడప్పుడు మధ్యాహ్నం ఇంటికొస్తే ఆమె ఉండేది కాదు, అన్నం మీద మూత పెట్టి ఉండేది. సాయంత్రం వచ్చేది, కాళ్ళ నిండా దుమ్ముతో. ఎక్కడికి పోయావని అడగాలంటే మాట్లాడాలి. అడగలేదు.

రంగు వేసిన కార్ల ధర ఐదు నుంచి ఐదున్నర అయింది. దసరాకి ఆరు. చలికాలానికి ఏడు దగ్గరకొచ్చింది. విదేశాల్లో డబ్బున్నవాళ్ళకు పాత కార్ల పిచ్చి పట్టిందని సుష్మిత చెప్పింది. రెండు వేల ఏడు మే నెలలో ఒక శనివారం నన్ను చూడగానే లేచి నిలబడింది.

"అన్నా, మీదాని మాదిరిదే. అదే సంవత్సరం. రంగు మళ్ళా వేసిందే. ఎనిమిది లక్షల పన్నెండు వేలు."

తిరుగు బస్సులో నేనన్న మాట గుర్తొచ్చింది. మరిచిపోయానని అబద్ధం చెప్పను. ధర పైకి పోతూనే ఉంది కదా, ఇంకో వారం ఆగుదాం అనుకున్నాను. అమ్మడానికీ ఆగుదామనుకున్నాను, మాట్లాడటానికీ ఆగుదామనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి కదిరమ్మ బెల్లం పూర్ణంతో ఓళిగలు చేసి పెట్టింది. పండగేమీ లేదు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. వడ్డించి లోపలికి పోకుండా తలుపు పట్టుకుని నిలబడింది. నేను మూడు ఓళిగలు తిన్నాను. చెయ్యి కడుక్కుని బయటికి పోయాను.

తొమ్మిదో రోజు నీళ్ళ ట్యాంకరు దగ్గర, ఎండలో, బిందెతో సహా పడిపోయింది. వడదెబ్బ. ఆటోలో నా ఒడిలో తల పెట్టుకుని కళ్యాణదుర్గం తీసుకుపోయాను. దారి పొడుగునా డ్రైవరుతో మాట్లాడాను, తొందరగా పో, తొందరగా పో అని. ఆమెతో మాట్లాడలేదు. స్పృహ లేదనుకున్నాను. ఒకసారి కళ్ళు తెరిచింది. ఊరు చేరకముందే పోయింది.

ఆరు నెలలు అనంతపురం పోలేదు. నవంబరులో రేషన్ కార్డులోంచి ఆమె పేరు తీయించడానికి పోవలసి వచ్చింది. దరఖాస్తు రాయించడానికి సుష్మిత దగ్గరికి పోయాను.

"యాడికి పోయినావన్నా ఇన్నాళ్ళూ? అక్క గూడా రాలే. కారు అమ్మేసి ఇద్దరూ కాశీకి పోయినారేమో అనుకుంటి."

"ఏ అక్క?"

"కదిరమ్మక్క."

"ఆమె ఈడికెందుకొస్తాది?"

సుష్మిత నాలుక కరుచుకుంది. "నీకు చెప్పొద్దనిందన్నా."

"చెప్పు. ఇప్పుడు చెప్పచ్చు. ఆమె లేదు."

ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. కాసేపు ఏడ్చింది. తర్వాత చెప్పింది.

"గురువారాలు వస్తాండె. నువ్వొచ్చే శనివారానికి ముందు గురువారం. స్టూలు మీద కూర్చోని, 'మా ఎర్రదాని ధర చూడమ్మా' అంటాండె. ఎంతని చెప్తే, ఎనిమిదికి ఇంకెంత దూరముండాదని వేళ్ళు లెక్కపెట్టుకుంటాండె. ఎనిమిదైతే ఏమొస్తాదక్కా అంటే, 'మా ఇంటాయన మాట్లాడతాడు' అనింది. నేను ఎగతాళి అనుకుంటి అన్నా. నవ్వితి."

"ఎనిమిది దాటింది ఆమెకు తెలుసునా?"

"నీకంటే రెండు దినాలు ముందే. నిజమేనా అని నాలుగుసార్లు అడిగింది. కాగితం ఇయ్యల్నా అంటే వద్దనింది. 'శనివారం ఆయప్పే చూస్తాడు. ఆయప్పే వచ్చి చెప్పల్ల. నాకు ముందే తెలిసినట్టు ఉండగూడదు' అనింది. మంచి బెల్లం యాడ దొరుకుతాదని అడిగి పోయింది."

నేను ఆ స్టూలు వైపు చూశాను.

"ఈ వారం ధర చూడల్నా అన్నా?" అంది ఆ పిల్ల, ఇంకేం చెప్పాలో తెలియక.

"వద్దు."

దరఖాస్తు రాయించకుండానే బస్టాండుకు పోయాను. రెండు బస్సులు పోనిచ్చాను. ఎనిమిది దాటిందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. నాకు తెలుసునన్న సంగతి కూడా ఆమెకు తెలుసు. శనివారం సాయంత్రం నేను బస్సు దిగి వచ్చినప్పుడే తెలుసు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆమె నాకు వడ్డించింది. తొమ్మిది రోజులూ ఏమనుకుని ఉంటుంది? మాట ఇచ్చి తప్పాడనుకుందా, ఎనిమిదితో సరిపోలేదనుకుందా, ఇక ఎంత పలికినా ఇంతే అనుకుందా? ఈ మూడింటిలో ఏదో నాకు చెప్పేవాళ్ళు లేరు.

మరుసటి జనవరిలో హేమంత్ మళ్ళీ వచ్చాడు. ఈసారి హుషారుగా ఉన్నాడు. కారు కింద దూరి చూశాడు, ఇంజన్ స్టార్టు చేయించి విన్నాడు.

"తొమ్మిదిస్తాను సుంకప్పన్నా. ఈ రంగంతా గీకించి మళ్ళా పాత రంగు వేయించుకుంటా. మొదటిదానికి ఎట్లా సాటి రాదనుకో."

సరేనన్నాను. పదో, పదకొండో అడగవచ్చని తెలుసు. అడగలేదు. కాగితాల మీద సంతకాలు చేశాను. అతను తాళం చేతిలో తిప్పుకుంటూ, నవ్వుతూ కారు వైపు చూశాడు.

"ఆ దినం కోపంలో అడగలేదు గానీ, చెప్పన్నా. ముట్టొద్దంటే ఈ రంగు కొట్టిన బుద్ధిలేనోడు ఎవడన్నా?"

"నేనే," అన్నాను.

"నువ్వా? ఏమప్పా, ఎద్దనుకుంటివా కారును? ఇన్నేండ్లు డ్రైవరు పని చేసినావే, తలకాయలో ఏమన్నా ఉండాదా లేదా? మూడు లక్షలప్పా! ఎవరన్నా నవ్విపోతారు."

వీధిలో మనుషులు ఆగి చూస్తున్నారు. బయ్యన్న కూడా ఉన్నాడు. ఏదో చెప్పబోయాడు, నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"నిజమే," అన్నాను హేమంత్‌తో. "ఇంకా ఏమన్నా అనాలంటే అను."

అతను నవ్వు ఆపి నా ముఖం చూశాడు. కారెక్కి వెళ్ళిపోయాడు. నేను ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను.