గంజి వార్చే చెక్క మీద అప్పయ్యమ్మ ముఖం

నేను ఒక గంజి వార్చే చెక్కను. మామిడి చెక్కను, గుండ్రంగా ఉంటాను. నన్ను చేసిన వడ్రంగి సన్యాసిరావు ముక్కుపొడుం పీల్చి తుమ్మినప్పుడల్లా ఉలి పక్కకు పోయేది. ఆ వంకర నాకు ఇప్పటికీ ఉంది. సరే, చెప్పొచ్చింది అది కాదు.

నా బతుకంతా ఒక ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో గడిచింది. నూట ఇరవై మందికి అన్నం, ఇద్దరే వంటమనుషులు. అప్పయ్యమ్మ గుండిగ వంచేది, సూరీడమ్మ నన్ను దాని మూతికి అదిమి పట్టేది, గంజి కిందకు పోయేది. ఒకనాడు గుడ్ల బండి వచ్చిన చప్పుడైంది. సూరీడమ్మ తల తిప్పి చూసింది, చెయ్యి వదిలేసింది. సలసల కాగే గంజి అప్పయ్యమ్మ ఎడమ చెంప మీద పడింది.

వార్డెనమ్మ పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, "సెక్క జారిపోనాదండి" అంది సూరీడమ్మ. అందరూ నా వంక చూశారు. మనుషులకు ఇదొక సుఖం, తప్పు మొయ్యడానికి నోరులేనిది ఏదో ఒకటి పక్కనే ఉంటుంది. నేను జారలేదని చెప్పలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఉద్యోగం అయిపోయాక సూరీడమ్మ నన్ను ఇంటికి తెచ్చుకుంది. అరవై రెండో ఏట ముఖాలు గియ్యడం పట్టుకుంది. లైబ్రరీలో ఆదివారాలు నేర్పే డ్రాయింగు మాస్టారు కాగితం కింద పెట్టుకోవడానికి అట్ట తెచ్చుకోమంటే నన్ను పట్టుకెళ్లింది. మొదట్లో ఎవరిని గీసినా వార్డెనమ్మలాగే వచ్చేది. ఆరు నెలలకు ముక్కులు కుదిరాయి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గియ్యమన్నారు మాస్టారు. అంతసేపు కూర్చునే ఓపిక అప్పయ్యమ్మకు తప్ప ఇంకెవరికుంది?

ఆవిడ వచ్చి, కాలిన మచ్చ కనపడకుండా కుడి చెంప ఇటు తిప్పి కూర్చుంది. ఫొటోలకూ అంతే, పెళ్లిళ్లలోనూ అంతే. సూరీడమ్మ పెన్సిల్ వాల్చి చెంప మీద నీడ రుద్దింది. ఇన్నేళ్ల ఆవిరికి నా చారలు పైకి తేలి ఉన్నాయి, కాగితమేమో పలచన. నా గరుకంతా ముడతలు ముడతలుగా ఆ చెంప మీద అచ్చుపడింది. చెరిపి రుద్దింది. మళ్లీ పడింది.

అప్పయ్యమ్మ వంగి చూసి పకపకా నవ్వింది.

"ఓలమ్మో, ఈ పక్క కూడా కాల్చీసినావేటే!"

ఆవిడ సరదాకే అంది. సూరీడమ్మ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

"నానే సెయ్యి ఒగ్గీసినానే, అప్పయ్యమ్మా. సెక్క జారనేదు."

"మరి ఇన్నాళ్లూ సెక్కన్నావు?"

"అన్నాను."

"నాను దాన్నే తిట్టుకున్నాను కదే. పొయ్యిలో పెట్టీమన్నాను."

అప్పయ్యమ్మ టీ తాగకుండానే లేచి వెళ్లిపోయింది.

మూడు వారాలు ఆవిడ రాలేదు. సూరీడమ్మ నన్ను గోడవైపు తిప్పి పెట్టింది. నా ముఖం కూడా చూడలేకపోయింది కాబోలు. నాలుగో వారం అప్పయ్యమ్మ పిలవకుండానే వచ్చి, ఎడమ చెంప కిటికీ వెలుగుకు తిప్పి కూర్చుంది.

"ఇది గియ్యి. తల దించుకుంటే గియ్యనేవు, ఇటు సూడు."

సూరీడమ్మ కాగితం కింద పాత పేపర్లు దళసరిగా పరిచింది. నా చార ఒక్కటీ పైకి రాలేదు. ఆ మచ్చలోని ముడతలన్నీ సూరీడమ్మే, చూసి చూసి, తన చేత్తో గీసింది.