పీచు రాలిన బ్రష్షులు

బ్రష్షుల పని వాళ్ళ నాన్నది. ఆయన పోయాక పెద్దకూతురి చేతిలోకి వచ్చింది. చిన్నాపెద్దా తేడా లేకుండా అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. రైల్వే స్టేషను వెనక సందులో, రేకుల కప్పు కింద పొడుగాటి షెడ్డు. ఒక మూల కొయ్య పిడులు చెక్కే మిషను, మధ్యలో ఆ పిడులకు చిల్లులు పొడిచే బల్ల, కిటికీ పక్కన పీచు దువ్వి కుచ్చులు కట్టే ఆడవాళ్ళు. నేల ఊడ్చేవి, సీసాలు కడిగేవి, బట్టలు రుద్దేవి, గోడలకు రంగు వేసేవి, అన్ని రకాల బ్రష్షులూ అక్కడే తయారయ్యేవి. తమ్ముడు వాటిని తోపుడుబండి మీద దుకాణాలకు చేర్చేవాడు.

పిడులు చెక్కే ముసలాయన్ని కొయ్య బాబాయి అనేవారు. చెవులు బాగానే పనిచేసేవి గాని, మిషను చప్పుడు వంకపెట్టి తనకు నచ్చని మాట ఒక్కటీ వినేవాడు కాదు.

వాళ్ళ సరుకు ఎక్కువగా అమ్మింది మేకుల మామయ్య. బజారు మలుపులో ఆయనది ఇనుపసామాన్ల కొట్టు. ఒక్క మేకు అడిగినా ఎందుకో ఆరా తీసి గాని ఇచ్చేవాడు కాదు. "గోడకా, తలుపుకా? తలుపుకైతే ఇది వద్దు, కొయ్య చీలిపోతుంది" అనేవాడు. నాన్న పోయిన కొత్తలో పెద్దక్క చేయించిన సరుకులో పిడులు వంకరగా వచ్చాయి. మామయ్య ఒక్కటీ తిప్పి పంపలేదు. "వంకర చేతులవాళ్ళకు అమ్ముకుంటాలే" అని అన్నీ ఉంచేసుకున్నాడు.

అంతలో ఊరి బయట పెద్ద స్టోరు వెలిసింది. కిటికీలు లేని గోదాములాంటి కట్టడం, ముందు ఊరంతా పట్టేంత ఖాళీ జాగా. సబ్బు దగ్గర నుంచి చెప్పుల దాకా, బల్బు దగ్గర నుంచి సుత్తి దాకా అన్నీ అక్కడే, అన్నీ బజారు కంటే చవక. దాని యజమానులెవరో ఎవరూ చూడలేదు. జనం మాత్రం ఇంటిల్లిపాదీ వెళ్ళి, తోపుడు బుట్టలు నింపుకుని వచ్చేవారు. పెద్దక్క కూడా వెళ్ళింది. సగం ధరకు దుప్పట్లు దొరికితే ఎవరు కాదనుకుంటారు?

ఒకరోజు ఆ స్టోరుకు సరుకులు కొనే అధికారి షెడ్డుకు వచ్చాడు. నెమ్మదస్తుడు. నేల ఊడ్చే బ్రష్షు ఒకటి తీసుకుని, పీచు గట్టిగా లాగి చూశాడు. ఒక్క పోగు కూడా ఊడి రాలేదు.

"మా స్టోర్లన్నిటికీ ఇలాంటివే కావాలమ్మా" అన్నాడు. "ఒక్కటే షరతు. మీ సరుకు ఇంకెవరికీ అమ్మకూడదు."

"ఎవరికీ అంటే, ఈ ఊళ్ళో కొట్లకు కూడానా?"

"ఎవరికైనా అంతే. మేం అమ్మేది పక్క కొట్లో దొరికితే మాకేం లాభం?"

అతను వెళ్ళాక తమ్ముడు నిలవలేకపోయాడు. వాడికి అరచేతిలో వైకుంఠం కనిపిస్తోంది. "అక్కా, కొట్లవాళ్ళు ఎలాగూ కొనడం తగ్గించేశారు. మనం కాదంటే ఇంకొకడు అవునంటాడు. అప్పుడు మనకు అదీ లేదు, ఇదీ లేదు" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. కిటికీ పక్కన కుచ్చులు కడుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపకుండానే చెవులు రిక్కించారు. పెద్దక్క వాళ్ళ వైపు చూసింది. మర్నాడు సంతకం పెట్టింది.

మేకుల మామయ్యకు ఆ సంగతి చెప్పడానికి తనే వెళ్ళింది. ఆయన నిచ్చెన మీద నిలబడి డబ్బాలు సర్దుతున్నాడు.

"తమ్ముణ్ణి పంపకుండా నువ్వే వచ్చావంటే మంచి కబురు కాదన్నమాట" అన్నాడు పైనుంచే.

ఆమె చెప్పింది. ఆయన కిందికి దిగి, చేతులు తుడుచుకున్నాడు.

"సరేలే. నీ మీద అంతమంది ఆధారపడ్డారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు చెప్పి మరీ తగలెయ్యరు. నువ్వు చెప్పావు, అదే గొప్ప."

ఆమె తలవంచుకుని గడప దాటుతుంటే మళ్ళీ పిలిచాడు. "అమ్మాయ్, నేను కొనకపోతే నీకు ఇంకో కొట్టుంది. ఆ కొట్టువాడూ కొనకపోతే మరొకటి. రేపు ఆ స్టోరువాళ్ళు కొనం అంటే ఎవరున్నారో ఆలోచించావా?"



మొదటి ఏడాది చేతినిండా పని. కారే రేకులు మార్పించారు, పనిలోకి కొత్తవాళ్ళను తీసుకున్నారు. రెండో ఏడు ఆ అధికారే వచ్చి, అంతే నెమ్మదిగా, ధర తగ్గించాలన్నాడు. తగ్గించారు. ఆర్నెల్లకు మళ్ళీ తగ్గించమన్నాడు. ఇంక తగ్గించాలంటే సరుకులోనే తగ్గాలి. పీచు పల్చబడింది. గట్టిగా కట్టే కుచ్చులు పోయి జిగురుతో అంటించే కుచ్చులు వచ్చాయి. ఆ తరవాత కొయ్య పిడి స్థానంలో ఎక్కడి నుంచో మూటల్లో వచ్చే ప్లాస్టిక్ పిడి వచ్చింది.

పిడులు కొంటుంటే చెక్కేవాడితో పనేముంది? పెద్దక్క ఆ మాట చెప్పబోతే కొయ్య బాబాయి మిషను మీదికి వంగి వినపడనట్టే ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. ఆఖరికి తనే స్విచ్చి ఆపేసింది. తిరుగుతున్న పిడి నెమ్మదించి, నిలిచింది.

"బాబాయ్, ఇప్పుడు వినపడుతోందా?"

"ఆపేశావుగా. ఇంక వినక చస్తానా" అన్నాడాయన. భుజాల మీది కొయ్యపొట్టు దులుపుకుని, సగం చెక్కిన పిడిని అలాగే మిషనుకు వదిలేసి వెళ్ళిపోయాడు.

మేకుల మామయ్య కొట్టు ఆ ఏడే మూతపడింది. దర్జీ, చెప్పులవాడు, బల్బులమ్మే ముసలమ్మ అంతకు ముందే మూసేశారు. పెద్దక్క బజారులో పట్టపగలు నడుస్తుంటే తన అడుగుల చప్పుడు తనకే వినపడేది.

తరవాత ఒకరోజు స్టోరు నుంచి ఫోను వచ్చింది. ఇక సరుకు పంపొద్దన్నారు. నెమ్మదైన ఆ మనిషి కాదు, గొంతు ఎవరిదో. పెద్దక్క స్టోరుకు పరుగెత్తింది. అరలో అదే బ్రష్షు, అదే ఆకుపచ్చ పిడి, అదే ఆకారం. వెనక ముద్ర మాత్రం వేరే. ధర ఇంకా తక్కువ.

షెడ్డులో కప్పు దాకా సరుకు పేరుకుపోయి ఉంది. అక్కాతమ్ముళ్ళు మళ్ళీ తోపుడుబండి బయటికి తీశారు. అమ్ముదామంటే కొట్లు లేవు. ఇల్లిల్లూ తిరిగారు. ఒకింటి ఆవిడ, పదేళ్ళు వీళ్ళ బ్రష్షులే వాడిన మనిషి, ఒకటి చేతిలోకి తీసుకుని పీచు లాగింది. గుప్పెడు ఊడొచ్చింది.

"ఏమీ అనుకోకు పెద్దక్కా. పోయినసారి స్టోర్లో మీ ముద్ర చూసే కొన్నాను. ఊడిస్తే చెత్త కంటే పీచే ఎక్కువ రాలింది. మీ నాన్న చేసినవి ఎంత బాగుండేవి" అంది.

తమ్ముడు ఏదో సర్దిచెప్పబోయాడు. పెద్దక్క వాడి చెయ్యి పట్టి ఆపింది. "ఆ పీచు రాలినవీ మేం చేసినవే" అంది.

ఇంటికి చేరాక తమ్ముడు బండి సందు మొదట్లోనే వదిలేసి, "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

మర్నాడు ఆమె మేకుల మామయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన వంటగదిలో నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. అత్తయ్య ఇప్పుడు స్టోర్లో బిల్లులు కొడుతోంది, వంటపని ఆయన మీద పడింది.

"మామయ్యా, పాత రకం మళ్ళీ చేయిస్తాను. బాబాయి కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తాను. నువ్వు కొట్టు తెరిస్తే చాలు. చిన్నదైనా సరే."

"అరలన్నీ పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేశాను."

"నా మీద కోపమా?"

"లేదంటే అబద్ధం. కానీ ఇది కోపంతో అనడం లేదు. కొనేవాళ్ళెవరే? కొట్టు మూసేసిన దర్జీ కొంటాడా, నువ్వు మాన్పించిన బాబాయి కొంటాడా? మీ అత్తయ్య జీతం తెచ్చేది ఆ స్టోరు నుంచే, మళ్ళీ ఇచ్చేదీ అక్కడే. అది బజారు దాకా వచ్చే డబ్బు కాదు."

ఆయన చిక్కుడుకాయలు సగం ఆమె ముందుకు తోశాడు. పని అయ్యేదాకా ఇద్దరూ వలుస్తూ కూర్చున్నారు.

మిషన్లు అమ్మేశారు. తమ్ముడు పెళ్ళాంబిడ్డలతో వేరే ఊరి గోదాములో మోతపనికి వెళ్ళాడు. పెద్దక్క నాలుగంతస్తుల అద్దె ఇళ్ళలో మెట్లు కడిగే పనికి కుదిరి, అక్కడే కింది గదిలో ఉంటోంది.

ఈ ఏడు ఆ స్టోరు కూడా మూసేశారు. ఈ ఊళ్ళో అమ్మకాలు చాలడం లేదట. తలుపుకు కాగితం అంటించి, అరలు లారీలకెక్కించుకుపోయారు. అత్తయ్య ఉద్యోగం పోయింది. ఇప్పుడు సూది కావాలన్నా బస్సెక్కాలి.

పోయిన వారం అద్దె ఇళ్ళకు నీళ్ళు వచ్చే గొట్టం అతుకు దగ్గర చీలింది. నీళ్ళు మెట్ల మీదుగా పారుతుంటే పెద్దక్క గుడ్డ చుట్టి రెండు చేతులా పట్టుకుని, పైవాళ్ళను మేకుల మామయ్య దగ్గరికి పంపింది. ఆయన వచ్చాడు. వంగి చూశాడు. ఆ చీలికకు ఏ కొలత ఇనుప పట్టీ బిగించాలో చూడగానే చెప్పాడు. అది ఆయన దగ్గర లేదు. ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు.

"రేపు పొద్దున బస్సుకు వెళ్ళి తెస్తాను. అందాకా పైన నీళ్ళు కట్టేయండి" అన్నాడు.

కట్టేశారు. పై అంతస్తుల ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని దిగి, పక్క వీధి కుళాయికి బయల్దేరారు. మామయ్య గోడ పట్టుకుని మెల్లగా నిలబడ్డాడు. పెద్దక్క తడిసిన గుడ్డ పిండి, మెట్లు తుడవడం మొదలుపెట్టింది.