పట్టుతాడు

కానగంత చేప మొప్పల కింద బొటనవేలు దూర్చి ఒక్క లాగు లాగితే పేగులన్నీ చేతిలోకి ఊడి వస్తాయి. సెలామా చూడకుండానే ఆ పని చేస్తుంది. పెళ్లయి ఈ తెరెంగాను తీరానికి వచ్చినప్పటి నుంచీ అదే పని. ముళ్లు తీయడం, కండ దంచడం, సగ్గుపిండి కలిపి ముద్దలు చేసి ఉడకబెట్టి, నూనెలో వేయించి రోడ్డు పక్కన అమ్మడం. ఏ సబ్బుతో తోమినా చేతుల నీచు వదలదు. ఇన్ని కానగంతల్ని కోసిన మనిషి ప్రాణంతో ఉన్నదాన్ని ఒక్కసారీ చూడలేదు. ఆడది పడవెక్కితే చేపలు పారిపోతాయని ఊరంతా అంటుంది. ఊరందరికంటే గట్టిగా అన్నవాడు ఆమె మొగుడు దెరామాన్.

దెరామాన్ చేపల్ని వినేవాడు. పడవ అంచుకి ఉంగరంలా ముడివేసిన పట్టుతాడు చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగి, తల ముంచి, గుంపు ఎటుందో చెవితో పసిగట్టేవాడు. అతను చెయ్యెత్తి చూపిన వైపే వల పడేది. అంతవరకూ పడవలో ఎవరూ దగ్గకూడదు. ఆ దర్జా ఇంటికీ మోసుకొచ్చేవాడు. కంచం చప్పుడైనా గుడ్లురిమేవాడు.

"ఈ చెవుల వల్లే నీకు కూడు దొరుకుతోంది. నోరు ముయ్యి" అనేవాడు.

నోరు మూసుకునే ఆమె ముసలిదైంది.

ఇప్పుడు ఆ చెవులు పోయాయి. పోయిన వానాకాలం నుంచి అతను చూపిన చోటల్లా వల ఖాళీగా వచ్చింది. పెద్ద పడవ యజమాని జుసో చేపల జాడ చూపించే యంత్రం కొనుక్కుని, అతన్ని మర్యాదగానే ఒడ్డున కూర్చోబెట్టాడు. సముద్రంలోనే చేప లేదన్నాడు దెరామాన్. తనకి చెవుడొచ్చిందని పెళ్లానికి కూడా చెప్పలేదు. గిన్నె దభాలున కింద పడినా అతను తల తిప్పని రోజున ఆమెకే తెలిసిపోయింది. తెలిసీ ఊరుకుంది. అడిగితే మళ్లీ అరుపులే కదా.

ఆ పొద్దున అతను వచ్చి ఆమె చేపల గంప ముందు నిలబడ్డాడు.

"లే. పడవెక్కాలి."

"ఎవరు? నేనా?"

అతనికి వినపడలేదు. "లే అంటుంటే! నేను నీళ్లలో ఉంటే తెడ్డు పట్టడానికి మనిషి కావాలి. ఒక్క వెధవా రానంటున్నాడు."

సెలామా పేగుల్ని ఇసుకలోకి విసిరికొట్టింది.

"ఇన్నేళ్లూ నేనెక్కితే అశుభం! ఇవాళ దిక్కులేక నేను శుభమయ్యానా?"

అతను అప్పటికే తన చిన్న పడవ వైపు నడుస్తున్నాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే లేచింది. అతనికేమీ వినపడదని కళ్లారా చూసి, ఆ ముక్క మొహం మీదే చెప్పాలని లేచింది. గోడకి వేలాడుతున్న, వరస కొక్కేలకి ఈకలు కట్టిన గాలం తాడు కూడా తీసుకుంది.

"వదినా, ఎక్కడికి?" పక్కింటి రొకియా పరిగెత్తుకొచ్చింది. "జుసో చూశాడంటే గోల చేస్తాడు!"

"చేసుకోనీ. ఆ గోల వినే చెవి మా ఇంట్లో లేదు."

ఒడ్డు సన్నటి గీతలా మిగిలాక దెరామాన్ నీళ్లలోకి దిగాడు. వీపు మీద ఎముకలన్నీ తేలి ఉన్నాయి. తల ముంచి, తేలి, తూర్పుకి చెయ్యి చూపాడు. ఆమె అటు తెడ్డు వేసి గాలం వదిలింది. ఏమీ లేదు. దక్షిణానికి చూపాడు. అక్కడా లేదు. మళ్లీ తేలేసరికి అతని పెదాలు నల్లబడ్డాయి. ఈసారి చెయ్యి ఎత్తలేదు, ఆమె మొహంలోకి చూశాడు.

సెలామా అతని చంకలో చెయ్యి వేసి పడవలోకి ఈడ్చింది.

"చలేస్తోంది" అన్నాడు.

చూడకుండానే తన పైగుడ్డ అతని మీదికి విసిరింది. "ఈ చెవుల కోసమేనా నా నోరు నొక్కేశావు!"

తనే బోర్లా పడుకుని, పట్టుతాడులోకి చెయ్యి దూర్చి, తల నీళ్లలో పెట్టింది. అతని చేతికి సరిపోయేలా వేసిన ముడి, ఆమె మణికట్టు మీదికి జారిపోయింది. మొదట తన నెత్తుటి హోరే వినిపించింది. ఊపిరి పీల్చుకుని మళ్లీ ముంచింది. ఎడమ వైపు, కిందెక్కడో, సన్నగా చిటపట. ఆ చప్పుడు ఆమె రోజూ వినేదే.

తల ఎత్తేసరికి దెరామాన్ ఆమెనే చూస్తున్నాడు.

"ఏమంటోంది?" అని మెల్లగా అడిగాడు. అతను ఆమెని ఏదైనా అడగడం అదే మొదలు.

"నోరు ముయ్యి" అని పెదాల మీద వేలు పెట్టి చూపింది. అతను మూసుకున్నాడు.

ఆమె ఎడమకి తెడ్డు వేసి గాలం వదిలింది. తాడు ఒక్కసారిగా వేళ్లని కోసేలా గుంజింది. లాగితే కొక్కేనికొకటి, వరసగా కానగంతలు. వీపు మీద నీలం, దాని మీద ఆకుపచ్చ గీతలు, పక్కల బంగారం. అరచేతిలో కొట్టుకుంటూనే ఆ రంగు మాసిపోతోంది. ఆమె ఇన్నేళ్లూ కోసింది ఆ మాసిన చేపల్నే.

"ఇదా! ఇలా ఉంటుందా ఇది!" గాలం వదులుతూ, లాగుతూ అరుస్తూనే ఉంది. "ఇంత సముద్రం నువ్వొక్కడివే మింగి, నాకు పేగులు తెచ్చిపెట్టావు! కడుపుతో ఉన్నప్పుడు కూడా నన్ను గంప ముందే కూర్చోబెట్టావు! జ్వరమొచ్చినా దంచమన్నావు! చూడు! ఆడదెక్కిన పడవ, కళ్లు విప్పుకుని చూడు!"

అతను పలకలేదు. చెవిటివాడికెలా వినపడుతుందనుకుని, గిలగిల్లాడే చేపని అతని మొహం ముందు పెట్టింది. తోక కొట్టిన నీళ్లు అతని తెరిచిన కళ్లలో పడ్డాయి. రెప్ప పడలేదు.

చేప ఆమె చేతిలోంచి జారిపోయింది.

ఏడుపు తరవాత వచ్చింది. ముందు కోపమే వచ్చింది. అడిగినవాడు జవాబు వినకుండా పోతాడా? సెలామా వంగి, చల్లబడిన ఆ చెవిలో చెప్పింది.

"కాగే నూనెలో తడి చేప వేసినట్టుందయ్యా."

ఆమె పడవని ఒడ్డుకి చేర్చేసరికి జనం మూగారు. "ఆడమనిషి పడవెక్కితే ఇంతే అత్తా" అన్నాడు జుసో.

"చేపలు పడ్డాయా లేదా? అది చెప్పు ముందు" అంది సెలామా. జుసో పడవలోకి చూసి తల దించుకున్నాడు.

సాయంత్రం ఖననమయ్యాక ఆమె ఒక్కతే పడవ దగ్గరికి వచ్చింది. పట్టుతాడు ముడి విప్పి, తన పిడికిటికి సరిపోయేలా మళ్లీ బిగించి, ఇంటికి వెళ్లింది. ముడి కింద మిగిలిన కొస, దెరామాన్ అరచేతి రాపిడికి నున్నబడ్డ కొస, అలలకి తగులుతూ ఊగుతోంది.