బోర్డు మీద పేరు

ఆ సోమవారం పాఠం కోసం నేను చేయవలసిన పనులు ఇవి. పాఠ ప్రణాళిక రెండు ప్రతులు రాయాలి. బర్మా టీచర్లు లుంగీలా చుట్టుకునే ఆకుపచ్చ లోంజీ, తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేసుకోవాలి. పులిసిన దోసెల పిండి ఒక గాజు సీసాలో పట్టుకెళ్లాలి. బడి గేటు దగ్గర బొట్టు తీసేయాలి. ప్రతి పిల్లనూ పేరు పెట్టి పిలవాలి. ఒక్క పిల్ల ఇంటి తెలివినైనా పాఠంలోకి తేవాలి.

చివరి రెండూ మా శిక్షకురాలు చెప్పినవి. ఆవిణ్ణి సయామా అనేవాళ్లం. ఇక్కడ టీచరమ్మను అలాగే పిలుస్తారు. ఉపాధ్యాయ శిక్షణలో ఆవిడ మాకు అమెరికాలో స్పానిష్ మాట్లాడే లాటినో పిల్లల గురించి ఒక సిద్ధాంతం చెప్పింది. అక్కడ ఇంట్లో మరియా అయిన పిల్ల బళ్లో మేరీ అయిపోతుందట. ఇంటి భాష బళ్లో తప్పయిపోతుందట. పాఠం చెప్పేవాళ్లు ముందు ఆ పిల్లల కథ వాళ్ల నోటితోనే వినాలట. "పాపం మరియా" అని క్లాసంతా నిట్టూర్చింది. నేనూ నిట్టూర్చాను.

నా పేరు పద్మిని. హాజరు పట్టీలో ఖిన్ సాన్ వే. మా తాత ఓడరేవులో బస్తాలు మోశాడు, మా నాన్నా మోశాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఇక్కడి తెలుగువాళ్లందరికీ ఇంట్లో ఒక పేరు, బళ్లో ఒక బర్మా పేరు. అది మాకు ఎంత అలవాటంటే, మరియా నాకు చుట్టమని ఆ రోజు తట్టనేలేదు.

సోమవారం నాలుగో తరగతికి సూక్ష్మజీవుల పాఠం. సయామా వెనక బెంచీలో మార్కుల కాగితంతో కూర్చుంది. బోర్డు మీద నా పేరు రాశాను. రెండో బెంచీలో తిరి వై అనే పిల్ల. ఆమెను నేనెరుగుదును, మింగళ తౌంగ్‌న్యున్‌లో మా వీధే. ఇంట్లో గంగాభవాని. తల్లి బాలామణికి పబేడాన్‌లో దోసెల బండి. సీసా పైకెత్తి బర్మా భాషలో అడిగాను:

"గంగాభవానీ, మీ అమ్మ దోసెల పిండి రాత్రంతా ఎందుకు పులియబెడుతుందో చెప్పమ్మా."

ఆ పిల్ల లేవలేదు. "అది నా పేరు కాదు" అంది. ఎవరో "కలామా" అన్నారు. మా రంగువాళ్లను ఇక్కడ తిట్టే మాట అది. ఇంకెవరో ముక్కు మూసుకున్నారు. క్లాసు గొల్లుమంది. నేను తడబడి సీసా మూత తీసి, పాఠం కొనసాగించాను.

ఇంటి తెలివికి సయామా పదికి పది వేసింది.

మర్నాడు పక్క పిల్ల బెంచీ మారింది. మూడో రోజు గంగాభవాని రాలేదు. నాలుగో రోజూ రాలేదు. ఆ సాయంత్రం పబేడాన్ వెళ్లాను. ఆ పిల్ల పెనం దగ్గర నిలబడి పిండి తిప్పుతోంది. నన్ను చూసి తల దించుకుంది.

"రా సయామా, రా," అంది బాలామణి. "దోసె ఎయ్యమంటావా? పిండెలా పులుస్తాదో సూపించమంటావా?"

"అత్తా, నేను మంచికే..."

"మంచికే మరి! బళ్లో ఆ పేరెత్తకే అని అయిదేళ్లు నేర్పినాను. అది బడికి ఈ బండెనకాల నించి తిరిగెల్లేది, ఎవులూ సూడకుండా. నువ్వొక్క గంటలో ఇప్పి పారేసినావు. నాకొక్కటి సెప్పు తల్లీ. నీ పేరు బోర్డు మీద ఏటని రాసుకున్నావు?"

"ఖిన్ సాన్ వే అని" అన్నాను.

"ఏటే! దానికి గంగాభవాని, నీకు ఖిన్ సాన్ వేనా?"

"దాన్ని బడికి పంపు అత్తా. క్లాసులో నా పేరు కూడా చెప్తాను."

"సెప్పు. సెప్పినాక రా."

మర్నాడు సయామాకు జరిగిందంతా చెప్పాను. ఆఖరి పాఠంలో నా పేరు చెప్తాననీ, శిక్షణ నివేదికలో ఇదంతా రాస్తాననీ అన్నాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు టీ పోసింది.

"అది అమెరికా సంగతి, ఖిన్ సాన్ వే. అక్కడ జాతి గొడవ ఉంది. మన దగ్గర పిల్లల అల్లరి. ఇది రాస్తే బడివాళ్లు మళ్లీ మన శిక్షణవాళ్లను పాఠాలకు రానివ్వరు. నీ సర్టిఫికెట్టూ ఆగుతుంది."

"మరి మరియా, సయామా?"

"మరియా పాఠంలో ఉంది. పాఠం నీకు బాగా వచ్చింది కదా."

నివేదికలో ఆ పేరా కొట్టేశాను. ఆఖరి పాఠం నీటి చక్రం. బోర్డు మీద ఖిన్ సాన్ వే అనే రాశాను. సర్టిఫికెట్టు వచ్చింది. మా నాన్న దాన్ని దేవుడి పటం పక్కన తగిలించి, ఆ పేరుకే దండం పెట్టాడు.

ఇది రాసే ముందు మళ్లీ బండి దగ్గరకు వెళ్లాను. ఈసారి ముందు ఆ పిల్లనే అడిగాను. నీ సంగతి తెలుగులో రాసుకోనా అని. చాలాసేపు పెనం గీకింది.

"రాసుకో. నా పేరు మాత్రం ఎయ్యకు. రెండిట్లో ఏ పేరూ ఎయ్యకు."

అందుకే పైన ఉన్న ఆ పిల్ల పేర్లు రెండూ, వాళ్లమ్మ పేరూ నేను పెట్టినవే. నా పేరు మాత్రం నిజం. ఆ పిల్ల ఇక బడికి రాలేదు. చదివే మీరు టీచర్లయితే మరీ అడుగుతున్నాను: నాలుగో తరగతిలో రెండో బెంచీ, గోడ వైపు కూర్చునేది. పిండి ఎందుకు పొంగుతుందో ఆమెకు తెలుసు. పేరు లేకుండానే ఆమెను గుర్తు పెట్టుకోండి.